రాత్రి పదింటి ఆకలికి జవాబు మూత్రపరీక్షలో దొరకదు

ప్రశ్న: నా వయసు 41. ఏడాదిన్నర కిందట డిప్రెషన్ వచ్చింది. డాక్టర్ రాత్రి తొమ్మిదింటికి వేసుకోమని మిర్టజపిన్ మాత్ర రాశారు. నిద్ర పట్టింది, ఏడుపు తగ్గింది, మళ్లీ పనిలో పడ్డాను. కానీ 66 కిలోలుండేదాన్ని 79కి వచ్చాను. పగలంతా నోరు కట్టుకుంటాను. పొద్దున కాఫీతో సరి, మధ్యాహ్నం నాలుగు ముద్దలు. రాత్రి పది దాటిందంటే మాత్రం నన్ను నేను ఆపుకోలేను. మొన్న లైటు వేయకుండా ఫ్రిజ్ తలుపు తెరిచి, అక్కడే నిలబడి తింటుంటే మా పదమూడేళ్ల పాప వచ్చి "అమ్మా, ఆకలేస్తోందా?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. నోరు కట్టుకోలేకపోతే ఎవరేం చేస్తారు అంటారు మావారు. ఒక న్యూట్రిషన్ సెంటర్‌కు వెళ్తే మూత్రపరీక్ష చేసి, "మెదడులో సెరటోనిన్, డోపమైన్ రెండూ తక్కువున్నాయి, ఈ బరువంతా అందువల్లే" అన్నారు. ఆరు నెలల కోర్సని 5-హెచ్‌టీపీ, టైరోసిన్ డబ్బాలు ఇచ్చారు. అవి పనిచేయడం మొదలుపెట్టాక డిప్రెషన్ మాత్ర మానేయొచ్చట. ఇంకా సీలు తీయలేదు. నిజంగా నా మెదడులో కెమికల్స్ తేడా వచ్చాయా? తిండితో సరిచేసుకోవచ్చా?

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు రెండు మాటలు. ఆ డబ్బాల సీలు తీయకండి. మిర్టజపిన్ మీ అంతట మీరు ఆపకండి.

5-హెచ్‌టీపీ ఒంట్లోకి వెళ్లాక సెరటోనిన్‌గా మారుతుంది. సెరటోనిన్ మీద పనిచేసే డిప్రెషన్ మందులతో కలిపి వేసుకుంటే ఒక్కోసారి అది హద్దు మీరుతుంది. ఒళ్లు వణకడం, చెమటలు పట్టడం, గుండె దడ, జ్వరం, చివరికి మనిషి అయోమయంలో పడిపోవడం దాకా వెళ్తుంది. దీన్ని సెరటోనిన్ సిండ్రోమ్ అంటారు. అరుదుగానే వస్తుంది, వస్తే మాత్రం ప్రాణం మీదికి రావచ్చు. ఇక మాత్ర ఉన్నపళంగా మానేస్తే తల తిరగడం, వికారం, నిద్ర పట్టకపోవడం ఒక ఎత్తు, తగ్గిన డిప్రెషన్ తిరగబెట్టడం ఇంకో ఎత్తు. మీరు ఏ మందు వాడుతున్నారో తెలిసి కూడా ఆ డబ్బాలు మీ చేతిలో పెట్టారంటే నాకు చాలా కోపంగా ఉంది. సహజం, ఆహారం, పోషకం అనే పేర్లు పెట్టినంత మాత్రాన ఏదీ నిరపాయం అయిపోదు. 1989లో అమెరికాలో ఎల్-ట్రిప్టోఫాన్ అనే ఇలాంటి సప్లిమెంటే వాడి 1,500 మందికి పైగా జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. తయారీలో కలిసిన మలినాలే చాలావరకు కారణమని భావిస్తున్నారు.

ఇప్పుడు మీ ప్రశ్న. కెమికల్స్ తేడా వచ్చాయా అని అడిగారు. ఆకలిని నడిపే రసాయనాల్లో తేడా వచ్చిందనే నా నమ్మకం. అయితే ఆ సెంటర్‌వాళ్లు చూపించిన చోట మాత్రం అది దొరకదు.

మన ఒంట్లో ఉండే సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది. అక్కడ దాని పని వేరు. పేగుల కదలికలను నడపడం, రక్తం గడ్డకట్టడంలో సాయపడటం వంటివి చూసుకుంటుంది. అది మెదడులోకి పోలేదు, ఎందుకంటే రక్తానికీ మెదడుకీ మధ్య ఒక గట్టి కాపలా పొర ఉంది. మెదడు తనకు కావలసిన సెరటోనిన్ తానే చేసుకుంటుంది. మూత్రంలో కనిపించే డోపమైన్ కూడా చాలావరకు మూత్రపిండాల్లో తయారైనదే. మూత్రం పట్టి మెదడు సంగతి చెప్పడమంటే, మీ వంటింటి తూములో పోయే నీళ్లు చూసి పక్కింట్లో ఏం వండుకున్నారో చెప్పడమే. మామూలు వైద్యంలో మెదడులోని సెరటోనిన్‌ను కొలిచి 'మీకు ఇంత తక్కువుంది' అని చెప్పే పరీక్ష ఏదీ లేదు. అసలు డిప్రెషన్ అంటే సెరటోనిన్ తగ్గిపోవడమే అన్న మాట కూడా నిలబడలేదు. అప్పటిదాకా జరిగిన ముఖ్యమైన పరిశోధనలను కలిపి చూసిన ఒక పెద్ద సమీక్ష 2022లో వచ్చింది. ఆ మాటకు నిలకడైన ఆధారం లేదని అందులో తేల్చారు. మందులు పనిచేయవని దీని అర్థం కాదు. మీకు పనిచేసిందిగా, నిద్ర వచ్చింది, ఏడుపు ఆగింది. అది ఎలా పనిచేస్తుందో చెప్పే కథ మనం అనుకున్నంత సులువుగా లేదు, అంతే.

మరి తేడా ఎక్కడుంది? మీరు రాత్రి తొమ్మిదింటికి వేసుకునే ఆ మాత్ర దగ్గరే వెతకాలి. మెదడులో హిస్టమిన్ అనే రసాయనం మనల్ని మెలకువగా ఉంచుతుంది, ఆకలిని కూడా కాస్త అదుపులో పెడుతుంది. మిర్టజపిన్ ఆ హిస్టమిన్ కబురు అందుకునే రిసెప్టర్లను, అంటే కణాల మీదుండే తలుపుల్లాంటి వాటిని మూసేస్తుంది. మీకు నిద్ర పట్టింది అందుకే. ఆకలి లేచింది కూడా చాలావరకు అందుకే. ఇంకొకటి చూడండి. సెరటోనిన్ 'ఇక చాలు' అనే కబురును మెదడులో ఒక ప్రత్యేకమైన రిసెప్టర్ ద్వారా పంపుతుంది. ఈ మందు దాన్నీ అడ్డుకుంటుంది. అంటే మీ మెదడులో సెరటోనిన్ సరిపడా ఉన్నా, కడుపు నిండిందన్న కబురు చేరాల్సిన చోటికి సరిగ్గా చేరడం లేదన్నమాట. తిండి సయించక చిక్కిపోయిన డిప్రెషన్ రోగులకు డాక్టర్లు కావాలనే ఈ మందు ఎంచుకోవడం నేను చూశాను, వాళ్లకది వరమే. ఈ మాత్ర రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరడానికి సుమారు రెండు గంటలు పడుతుంది. మీరు తొమ్మిదింటికి వేసుకుంటారు, పది దాటాక మీకు ఆగదు. అంతా దీనివల్లే అని నేను అనను, కానీ ఈ లెక్క మీ డాక్టర్ ముందు పెట్టాల్సిందే.

మీవారి మాట గురించి కూడా చెప్పాలి. నోరు కట్టుకోవడం మనసులో ఉంటే చాలు అని ఆయన అనుకుంటున్నారు, చాలామంది అనుకుంటారు. 1994లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్‌ను కనిపెట్టింది. ఒంట్లో కొవ్వు ఎంత నిల్వ ఉందో మెదడుకు చేరవేసేది అదే. మూడేళ్ల తర్వాత బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌లో డాక్టర్లు జన్యులోపం వల్ల పుట్టుకతోనే లెప్టిన్ లేని పిల్లలను గుర్తించారు. ఆ పిల్లలకు ఎంత పెట్టినా ఆకలే. వాళ్లలో తొమ్మిదేళ్ల పాప ఒకతె 94 కిలోలుంది. రోజూ లెప్టిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆకలి దిగిపోయింది, ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. ఆ పాపకు ఎవరూ మనోనిగ్రహం నేర్పలేదు. లేని రసాయనం ఒక్కటి ఇచ్చారు, అంతే. ఇది మీవారికి చదివి వినిపించండి.

అయితే మీకూ లెప్టిన్ ఇస్తే సరిపోతుందా? సరిపోదు. అప్పట్లో అందరూ అదే ఆశపడ్డారు. కానీ బరువెక్కినవాళ్లలో చాలామందికి లెప్టిన్ తక్కువ ఉండదు, ఎక్కువే ఉంటుంది. కొవ్వు చాలినంత ఉందని అది చెబుతూనే ఉంటుంది, మెదడు వినిపించుకోదు. నన్నడిగితే 'తక్కువైంది, పోస్తే నిండుతుంది' అనే లెక్క తప్పుతున్నది ఇక్కడే. మెదడు రసాయనాలు డబ్బాలో పోసుకునే పిండి లాంటివి కావు. ఎంత ఉందన్న దానికంటే ఎక్కడ, ఎప్పుడు, ఏ రిసెప్టర్ మీద పనిచేస్తోందన్నదే ముఖ్యం.

టైరోసిన్ డబ్బా సంగతీ ఇంతే. డోపమైన్ తయారీకి టైరోసిన్ ముడిసరుకు, నిజమే. కానీ దాన్ని డోపమైన్‌గా మార్చే ఎంజైమ్‌కు మామూలు భోజనంలోంచి అందేదే దాదాపు సరిపోతుంది. పనిచేసే చేతులు అన్నే ఉన్నప్పుడు ముడిసరుకు ఎంత కుప్పపోసినా పని పెరగదు. డోపమైన్ అంటే ఆనందం అనే మాట కూడా సగం పొరపాటే. అది ఎక్కువగా 'కావాలి' అనిపించే రసాయనం. తిన్నప్పటి తృప్తికి వేరే ఏర్పాట్లున్నాయి. ఒక రాత్రి గమనించి చూడండి. ఫ్రిజ్ దాకా నడిచేటప్పుడు ఉన్న ఆత్రం మూడో ముద్దకు ఉంటుందా? చాలామంది ఉండదనే చెబుతారు. రుచి చప్పబడుతుంది, చెయ్యి మాత్రం ఆగదు. కావాలనిపించడం వేరు, బాగుందనిపించడం వేరు అని అప్పుడు మీకే తెలుస్తుంది.

రాత్రిపూట మీ చెయ్యి తీపి మీదికో, పిండిపదార్థాల మీదికో పోతూ ఉంటే దానికీ ఒక పాత వివరణ ఉంది. మెదడులో సెరటోనిన్ తయారవ్వాలంటే మాంసకృత్తుల్లో ఉండే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం లోపలికి వెళ్లాలి. అదే ద్వారం దగ్గర మరికొన్ని అమైనో ఆమ్లాలు కూడా తోసుకుంటుంటాయి. పిండిపదార్థాలు తింటే ఇన్సులిన్ లేచి, ఆ పోటీదారుల్లో చాలావాటిని కండరాల్లోకి పంపేస్తుంది. ట్రిప్టోఫాన్‌కు దారి దొరుకుతుంది. మనసు బాగాలేనివాళ్లు తీపి కోసం వెతుక్కునేది ఇందుకేనని అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో పరిశోధనలు చేసిన వుర్ట్‌మన్ దంపతులు ప్రతిపాదించారు. వినడానికి చక్కగా ఉంటుంది. కానీ ఆ తిండిలో మాంసకృత్తులు అయిదారు శాతం కలిసినా ఆ ప్రభావం చాలావరకు పోతుంది. మనం రోజూ తినే వాటిలో అంతకంటే తక్కువ ఉండేవి కొన్నే. కాబట్టి స్వీటును మందులా చూడకండి, అలాగని తిన్నందుకు నేరం చేసినట్టూ కుమిలిపోకండి.

ఇక తిండితో ఏం చేయవచ్చో చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది రాత్రి తిండి కాదు, పగటి ఉపవాసం. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు వాళ్లకు కావలసిన దానిలో సుమారు సగం తిండే పెట్టి చూశారు. వాళ్లంతా మనసు దృఢంగా ఉందని పరీక్షించి ఎంపిక చేసినవాళ్లు. కొన్ని వారాలకే వాళ్ల ధ్యాసంతా తిండి మీదికి పోయింది. వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు, తిండి గురించి కలలు కన్నారు, చిరాకు, దిగులు కమ్ముకున్నాయి. మళ్లీ కడుపునిండా పెట్టడం మొదలుపెట్టాక కొందరు ఎంత తిన్నా ఆగలేకపోయారు. మీరు పొద్దుటి నుంచి రాత్రి దాకా రోజూ చేస్తున్నది దీనికి చిన్న రూపమే. పగలంతా తినకపోతే కడుపులోంచి గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ లేస్తూ ఉంటుంది. దాని మీద రాత్రి మాత్ర వచ్చి పడుతుంది. రెండూ కలిస్తే ఎవరైనా ఫ్రిజ్ దగ్గరికి నడవాల్సిందే.

కాబట్టి రేపు పొద్దుటి నుంచి టిఫిన్ మానకండి. మూడు పూటలా భోజనం, ప్రతి పూటలోనూ ఇరవై, ఇరవై అయిదు గ్రాముల మాంసకృత్తులు ఉండేలా చూసుకోండి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఎనిమిది గ్రాములు ఉంటాయని గుర్తుపెట్టుకుంటే లెక్క మీకే వస్తుంది. పప్పుధాన్యాలు, చేపలు, మాంసం, పెరుగు, గింజలు మీకు అలవాటైన వాటిలో ఏవైనా సరే. మాంసకృత్తులు, పీచు ఉన్న తిండి కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది. చాలన్న కబురు మెదడుకు చేర్చే పేగు హార్మోన్లను కూడా బాగా లేపుతుంది. ఆ కబురు దారిలో ఒకటి మూసుకుపోయి ఉన్నప్పుడు మిగతా దారులను బలంగా వాడుకోవాలి కదా.

ప్యాకెట్లలో వచ్చే తిండి ఇంట్లో తగ్గించండి. 2019లో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టారు. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ముందు పెట్టిన క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండింట్లోనూ సమానమే. అయినా ప్రాసెస్ చేసిన తిండి ఉన్న రోజుల్లో రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తినేశారు. వాళ్లకు డిప్రెషన్ లేదు, మందుల్లేవు. ఆ తిండి తీరే అంత.

రాత్రి పదింటికి ఏమీ తిననని ఒట్టు పెట్టుకోకండి. తినండి, కానీ ముందే అనుకుని తినండి. ఒక చిన్న గిన్నెలో పెరుగో, ఉడికిన గుడ్డో, గుప్పెడు గింజలో సాయంత్రమే తీసిపెట్టుకోండి. మాత్ర వేసుకున్నాక లైటు వేసుకుని, కుర్చీలో కూర్చుని, ప్లేటులో పెట్టుకుని తినండి. లైటు వేసుకుని అని ఊరికే అనలేదు. చీకట్లో నిలబడి తినే తిండికి ఎంత తిన్నామన్న లెక్క ఉండదు, తర్వాత సిగ్గు ఉంటుంది. ఆ సిగ్గే మర్నాడు పొద్దున మిమ్మల్ని టిఫిన్ మానేలా చేస్తుంది, మళ్లీ రాత్రికి అదే కథ.

నిద్ర గురించి ఒక్క మాటే. పన్నెండు మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూస్తే లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. ఆ ఫలితాలు 2004లో వచ్చాయి. నేను ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేసిన రోజుల్లో తెల్లవారుజామున మూడింటికి వచ్చే ఆకలి ఎలాంటిదో నాకు తెలుసు, అది కడుపులోంచి వచ్చే ఆకలిలా ఉండదు. మాత్ర వేసుకున్నాక టీవీ, ఫోన్ పెట్టుకుని కూర్చోకండి, మత్తు వచ్చినప్పుడే పడుకోండి.

తిండి మార్చుకుంటే మనసుకూ మేలు ఉంటుందా అంటే, కొంత ఉంటుంది. ఆస్ట్రేలియాలో డిప్రెషన్ ఉన్న 67 మందితో చేసిన పరిశోధన 2017లో వెలువడింది. కూరగాయలు, పండ్లు, పప్పుధాన్యాలు, చేపలు, ఆలివ్ నూనె ఎక్కువగా ఉన్న భోజనం వైపు డైటీషియన్ సాయంతో మళ్లినవాళ్లలో మూడో వంతు మందికి 12 వారాల్లో డిప్రెషన్ దాదాపు పోయింది. కబుర్లు చెప్పే తోడు మాత్రమే దొరికినవాళ్లలో అది 8 శాతమే. వాళ్లలో చాలామంది మందులు వాడుతూనే తిండి మార్చుకున్నారు. ఇంకో సంగతి, ఆ 12 వారాల్లో వాళ్ల బరువేమీ మారలేదు. చిన్న పరిశోధన కాబట్టి దీన్ని పట్టుకుని ఎగరలేను. కానీ నాకు ఇందులో నచ్చినది, బరువు కాటా కదలకముందే మనసు తేలికపడవచ్చన్నది. నెల రోజులకు కాటా చూసి, ఏమీ మారలేదని వదిలేయకండి.

డాక్టర్ దగ్గరికి ఈ వారంలోనే వెళ్లండి. బరువు పెరిగిన తేదీలు, మాత్ర వేళ, రాత్రి ఆకలి వేళ ఒక కాగితం మీద రాసుకెళ్లండి. "ఈ మందు నాకు మేలు చేసింది, కానీ 13 కిలోలు పెరిగాను, రాత్రి ఆకలి ఆగడం లేదు, వేరే మార్గం ఉందా?" అని సూటిగా అడగండి. బరువు అంతగా పెంచని డిప్రెషన్ మందులున్నాయి. మార్చాలనుకుంటే ఆయన మెల్లగా ఒకటి తగ్గిస్తూ ఇంకొకటి మొదలుపెడతారు. ఇప్పుడు మార్చకపోవడమే మంచిదని అంటే ఎందుకో అడిగి తెలుసుకోండి, దానికీ గట్టి కారణం ఉండొచ్చు. థైరాయిడ్, షుగర్, విటమిన్ బి12, రక్తహీనత పరీక్షలు ఏడాదిగా చేయించకపోతే చేయించమనండి. ఆ మూత్రపరీక్షకు పెట్టిన డబ్బు వీటికి పెట్టి ఉంటే ఎంత బాగుండేదో. పోషకాల్లో నిజంగా ఏదైనా తక్కువగా ఉంటే బయటపడేది వీటిలోనే, అప్పుడు సప్లిమెంటుకు అర్థం ఉంటుంది. రాత్రి తిండి చాలా ఎక్కువగా, అదుపు తప్పి, వారానికి ఒకసారైనా జరుగుతుంటే ఆ మాట కూడా దాచకుండా చెప్పండి. బింజ్ ఈటింగ్ అనేది పేరున్న జబ్బు, దానికి ప్రత్యేకంగా చికిత్స ఉంది. ఈమధ్య వచ్చిన సెమాగ్లూటైడ్ లాంటి బరువు తగ్గించే మందులు కూడా పనిచేసేది చాలావరకు మెదడులోని ఆకలి కేంద్రాల మీదే. మీకు అవసరమా కాదా అన్నది మీ బరువు, ఎత్తు, మిగతా జబ్బులు చూసి డాక్టరే తేల్చాలి. ఈలోగా చనిపోవాలనిపించే ఆలోచనలు ఎప్పుడైనా వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఆ గంటలోనే మీవారికి చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

ఇక మీ పాప. ఆ రాత్రి తను మిమ్మల్ని తప్పు పట్టడానికి రాలేదు, అమ్మకు ఆకలేస్తోందేమోనని అడిగింది. మీరు ఇంకా జవాబు చెప్పలేదనుకుంటాను. చెప్పండి. "అవునమ్మా, ఆకలేసింది. నేను వేసుకునే మాత్ర వల్ల రాత్రిపూట ఆకలి ఎక్కువవుతుంది. డాక్టర్‌ను అడగబోతున్నాను" అనండి, చాలు. పదమూడేళ్ల పిల్ల కదా, తన ఒంటి గురించి తను ఏమనుకోవాలో మిమ్మల్ని చూసే నేర్చుకుంటోంది. ఈసారి పదింటికి తను లేచి వస్తే పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకోండి. డాక్టర్ ఏమన్నారో నాకు రాయండి.